మూడో ప్రకటన

మా చర్చిలో పెళ్ళి కుదిరాక మూడు ఆదివారాలు వరసగా ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమార్తెను ఫలానా వారి కుమారునికి ఇచ్చి వివాహం చేయ నిశ్చయించారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే సంఘం ఎదుట చెప్పవలసింది అని పాస్టరుగారు అడుగుతారు. అడిగి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో ఎవరూ లేచిన గుర్తు నాకు లేదు. చిన్నప్పుడు అక్కా నేనూ ముందు చాపమీద కూర్చుని, ఎవరో ఒకరు లేస్తే బాగుండునని మోచేతులతో పొడుచుకునేవాళ్ళం. అమ్మ వెనకనుంచి తొడపాశం పెట్టేది.

మొన్న వర్షాకాలంలో ఆ ప్రకటన మా అక్క కూతురి పెళ్ళికి చదివారు. ఈసారి లేవవలసిన మనిషిని నేనే, లేవకూడని మనిషినీ నేనే. అమలాపురంలో రాజోలు బస్సెక్కిన ప్రతిసారీ, వైనతేయ వంతెన దాటకముందే బస్సు చెడిపోతే బాగుండునని కోరుకున్నాను. మన ఆర్టీసీ బస్సులు అక్కర్లేనప్పుడు చెడిపోతాయి గాని, కావాలనుకుంటే ఒక్కటీ చెడిపోదు.

నేను చేసే పని జన్యుపరీక్షలు. మాలిక్యులర్ బయాలజిస్టునని చెబితే మావైపు ఎవరికీ ఏమీ ఎక్కదు. పీసీఆర్ చేస్తానంటే మాత్రం వెంటనే కుర్చీ వేస్తారు. ఇదంతా రొయ్యల చెరువుల పుణ్యం. నా మొదటి ఉద్యోగం అల్లవరంలో రొయ్యపిల్లల్ని పరీక్షించే ల్యాబులో. రొయ్యగుడ్లు పొదిగించే హేచరీ నుంచి తెచ్చిన పిల్లని చెరువులో వదలకముందు వైరస్ ఉందో లేదో చూడాలి. నీళ్ళసంచిలో పిల్లల్ని పట్టుకుని రైతులు మా గుమ్మం ముందు పడిగాపులు పడేవారు. తరవాత హైదరాబాదులో ఒక పరిశోధనాసంస్థలో కొన్నేళ్ళు పనిచేశాను, అక్కడే ఉండిపోదామనుకున్నాను కూడా. ఈలోగా మావారికి అమలాపురంలో కాలేజీ ఉద్యోగం వచ్చింది. కరోనా రోజుల్లో ఇక్కడి డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ళు పీసీఆర్ మిషను కొన్నారు, నడపడానికి నన్ను తీసుకున్నారు. కరోనా పోయింది, మిషను మిగిలింది, దాంతోపాటు నేనూ మిగిలాను. అప్పటినుంచి మనుషుల్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల్ని వెతుకుతున్నాం.

మా ల్యాబు మూడు గదులు, ఒకదాని వెనక ఒకటి. మొదటిదాంట్లో మందులు కలుపుకుంటాం. రెండోదాంట్లో రక్తంలోంచి డీఎన్ఏ తీస్తాం. మూడోదాంట్లో మిషను ఉంటుంది. అది చిటికెడు డీఎన్ఏని కోట్లరెట్లు చేసి చూపిస్తుంది. మూడోగదిలో అడుగుపెట్టినవాళ్ళు ఆరోజు మళ్ళీ మొదటిగదిలోకి రాకూడదు. కోటుకో జుట్టుకో అంటుకున్న రవ్వంత చాలు, తరవాతి పరీక్షలన్నీ తప్పుతాయి. ఏదైనా మరిచిపోతే మరిచిపోయినట్టే. "క్రైస్తవుల ఇంట్లో పుట్టి ఈ మడేంటే నీకు?" అని మా అక్క నవ్వేది. ఆ గదులకి కిటికీలు లేవు. బయట తుపానొచ్చి కొబ్బరిచెట్లు కూలిపోయినా మాకు ఏసీ హోరు తప్ప ఇంకేమీ వినపడదు.

కొన్నాళ్ళ కిందట అల్లవరం వైపు నుంచి ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ కూతురి బిడ్డకి తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు అది. నెలనెలా రక్తం ఎక్కిస్తూ ఉండాలి, ఎక్కించిన ప్రతిసారీ ఆ పసిచేతికి సూది గుచ్చాలి. బిడ్డ తల్లి తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలని కాకినాడ డాక్టరు చెప్పారట. కొడుకు మస్కట్‌లో ఏసీ మెకానిక్కు, సెలవులో వచ్చాడు. చూస్తే ఆ జన్యుదోషం అతనిలోనూ ఉంది. తల్లినుంచీ తండ్రినుంచీ రెండు పాళ్ళూ వస్తేనే జబ్బు. అతనికి ఒక్క పాలే ఉంది గనక ఏమీ కాదు. కట్టుకునే పిల్లకి కూడా ఉంటేనే చిక్కు. అప్పుడు పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. ఇదంతా బొమ్మ గీసి చెప్పాను.

"అయితే మావోడికి జబ్బు లేనట్టే కదండీ?" అందావిడ.

"లేదండీ, నిక్షేపంలా ఉన్నాడు. పెళ్ళికి ముందు అమ్మాయికి కూడా ఈ పరీక్ష చేయించండి, అంతే."

"పెళ్ళి కావలసిన కుర్రోడండీ. మీ నోట ఇంకోళ్ళ దగ్గర ఈ మాట రాకూడదండి."

"మా గుమ్మం దాటి ఏదీ బయటికి పోదండీ," అన్నాను.

ఆ మాట అనడం నాకు ఎప్పుడూ గర్వంగానే ఉండేది. ఎవరింట్లో ఏ చేప వండారో సందు చివరిదాకా తెలిసిపోయే మా ఊళ్ళలో, ఒక్క మా ల్యాబులోనే గుట్టు గుట్టుగా ఉంటుందని నా నమ్మకం. కుర్రాడు మాత్రం నా బొమ్మకేసే చూస్తున్నాడు. వెళ్ళేటప్పుడు ఆ కాగితం అడిగి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అతని ముఖం మళ్ళీ మా అక్క ఫోన్లో చూశాను. బట్టలు కొనడానికి అమలాపురం వచ్చి, ఆ పళంగా ల్యాబుకి వచ్చింది అక్క. నన్ను మెట్లమీదికి లాక్కొచ్చి ఫోను నా ముక్కుకి ఆనించింది.

"పిల్లకి కుదిరిపోయిందే. మస్కట్లో ఉద్యోగం. తండ్రికి రొయ్యల చెరువులున్నాయంట. సిగరెట్టు కూడా ముట్టడంట. ఎలా ఉన్నాడో చెప్పు."

ఫోటోలో పక్కనున్న తల్లిని ముందు గుర్తుపట్టాను, తరవాత అతన్ని. "బావున్నాడక్కా," అన్నాను.

"అదేంటే, మొహం అలా పాలిపోయింది?"

"ఏసీలోంచి వచ్చాను కదా, కళ్ళు తిరిగాయి," అన్నాను. అక్కతో నేను ఆడిన అబద్ధాల్లో అంత చేతకాని అబద్ధం ఇంకొకటి లేదు. ఆవిడ సంతోషంలో ఉండి పట్టించుకోలేదు.

మా అక్కకి ఒక్కతే కూతురు. రాజోలులో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. నాకు పిల్లల్లేరు. సెలవులన్నీ నా దగ్గరే గడిపి, నా కళ్ళముందు పెరిగిన పిల్ల. ఆ పిల్లలో ఆ దోషం ఉందో లేదో నాకు తెలియదు. లేకపోతే ఏ గొడవా లేదు, పదిమంది పిల్లల్ని కన్నా భయం లేదు. ఉంటే? ఒక్క సూదిపోటుతో తేలిపోయే విషయం అది. ఆ సూది గుచ్చించుకోమని ఎలా చెప్పను? "ఎందుకు పిన్నీ, అతనిలో ఏమైనా ఉందా?" అని తప్పకుండా అడుగుతుంది. లేదంటే అబద్ధం, ఉందంటే ద్రోహం. మాట్లాడకుండా ఊరుకున్నానంటే ఉందని చెప్పినట్టే.

అతని సెలవు ఇంకో నెలే మిగలడంతో అన్నీ పరుగుమీద జరిగాయి. ప్రధానం నాడు అక్క ఇంట్లో నన్ను చూడగానే పెళ్ళికొడుకు తల్లి కాఫీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేసింది. అందరూ ఉంగరాల దగ్గరికి మూగినప్పుడు నన్ను వంటింటి వెనక వసారాలోకి తీసుకెళ్ళింది.

"మీరు పెళ్ళికూతురి పిన్నిగారని తెలీదండి. దేవుడి తోడు, తెలీదండి."

"మీరే చెప్పెయ్యండి. మీరు చెబితే మా అక్క అర్థం చేసుకుంటుంది."

"చెబితే పిల్లనెవరిస్తారండీ? మా అమ్మాయికి జబ్బు బిడ్డ పుట్టిందని మా వియ్యాలోరు మమ్మల్ని గుమ్మం తొక్కనివ్వట్లేదండి. మావోడికి జబ్బు లేదని మీరే చెప్పేరు కదండీ. నిక్షేపంలా ఉన్నాడన్నారు కదండీ."

అన్నాను మరి. అది నిజం కూడా. నా నిజాన్నే నా నోటికి అడ్డం పెట్టి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. నెలనెలా ఆ మనవరాలి చేతికి దిగే సూది తలపుకొచ్చి, ఆ కోపం కూడా నిలవలేదు.

తిన్నగా కాకపోతే డొంకతిరుగుడుగా చెబుదామనుకున్నాను. ఈ రోజుల్లో పెళ్ళికి ముందు అందరూ రక్తపరీక్షలు చేయించుకుంటున్నారని, మన పిల్లకీ పిల్లాడికీ కలిపి చేయిద్దామని అక్కతో అన్నాను. అక్క చీరలు మడతపెడుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"మీ వియ్యంకుడుగారు పీసీఆర్ చెయ్యకుండా చెరువులో ఒక్క రొయ్యపిల్లని వదలరు తెలుసా? రొయ్యపిల్లకి ఉన్నపాటి పరీక్ష మన పిల్లకి వద్దా?"

చీర కిందపడేసింది అక్క. "నా కూతురూ రొయ్యపిల్లా ఒకటేనటే నీకు? కొత్త సంబంధం. వాళ్ళని రక్తం ఇమ్మంటే, మా వోడికేం రోగమని లేచి వెళ్ళిపోరూ? నీ సొంత పిల్లయితే ఇలాగే అంటావా?"

సొంత పిల్ల అన్న మాట నోరుజారి వచ్చిందని ఆవిడకీ తెలుసు. కాసేపయ్యాక వచ్చి నాకు అన్నం వడ్డించింది. నేనూ తిన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తే దారి మాత్రం మూసుకుపోయింది.

మొదటి ఆదివారం ప్రకటన చదివారు. పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటుంటే నేను ముందున్న బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆరాధన అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళాను. ప్రకటనతో పాటు పెళ్ళి చేసుకోబోయే జంటలందరూ రక్తపరీక్ష చేయించుకోవాలని సంఘంలో చెప్పండి, నేను ఉచితంగా చేస్తాను అన్నాను. అందరికీ చెబితే ఒక్కరి గుట్టూ బయటపడదు గదా అని నా ఎత్తు.

"మంచి ఆలోచనండీ," అన్నారాయన ఎంతో సంతోషంగా. "తప్పకుండా మొదలెడదావండి. మీ అక్కగారి అమ్మాయి పెళ్ళి కానివ్వండి, ఆ తరవాతి జంటతో మొదలెడదాం. ఇప్పుడు చెప్పేననుకోండి, పిన్నిగారే డాక్టరమ్మ, ఆ పిల్లలోనే ఏదో ఉందనుకోరండీ జనం?"

"ఆయ్," అన్నాను. ఇంకేమనను? ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఆ వారమంతా మూడోగదిలోనే కూర్చున్నాను. పని ఉన్నా లేకపోయినా అక్కడే. ఫోను లోపలికి తీసుకెళ్ళకూడదనే నియమం నాకు మొదటిసారి సుఖంగా తోచింది. ఈ ఉద్యోగమే చెయ్యకపోతే నేనూ అందరిలా పెళ్ళిచీర అంచు ఎంత వెడల్పుండాలో వాదిస్తూ ఉండేదాన్ని కదా అని ఏడుపొచ్చింది. నా చదువుమీద నాకే అసహ్యం వేసింది. ఇంట్లో మావారు ఏమైందని అడిగితే ఆయనతోనూ చెప్పలేను. ల్యాబు విషయాలు అడగకూడదని ఆయనకి ఎప్పుడో తెలుసు. ఊరుకుని టీ పెట్టి తెచ్చారు.

రెండో ఆదివారం కూడా ఎవరూ లేవలేదు. ఆ మర్నాడు అక్క కూతురు స్కూలుకి సెలవు పెట్టి, బస్సులో తడిసి ముద్దై ల్యాబుకి వచ్చింది. గొడుగు మూలన పెట్టి, కౌంటరు దగ్గరున్న కుర్చీలో కూర్చుని చేయి చాపింది.

"పిన్నీ, నాకు తలసీమియా పరీక్ష చెయ్యి. ఎందుకని అడక్కు."

పెన్ను పక్కన పెట్టాను. "అడగను," అన్నాను.

"అమ్మకి చెప్పకు."

"చెప్పను."

"నువ్వు ఎందుకని అడగట్లేదేంటి?" అంది కళ్ళు చిట్లించి.

"నువ్వే అడగొద్దన్నావుగా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతనే చెప్పాడన్నమాట. ఎవరితోనూ అనకని ఈ పిల్ల దగ్గరా మాట తీసుకుని ఉంటాడు. నాకు తెలుసని ఈ పిల్లకి తెలిసిపోయింది, దానికి తెలుసని నాకూ తెలిసిపోయింది. ఇద్దరిలో ఏ ఒక్కరం పైకి అనడానికి వీల్లేదు. పిల్లకి నవ్వొచ్చింది ముందు. తరవాత నాకూ వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే సూది గుచ్చాను. కన్నీళ్ళు ఎవరికి ముందొచ్చాయో తెలియదు.

ఆ పరీక్ష ఎవరికీ అప్పగించకుండా నేనే చేశాను. మందులు కలిపాను, డీఎన్ఏ తీశాను, మూడోగదిలోకి వెళ్ళి మిషన్లో పెట్టి దాని ముందు కూర్చున్నాను. దోషం ఉంటే తెరమీద ఒక గీత పైకి లేస్తుంది. లేకపోతే నేలకి అతుక్కున్నట్టు చివరిదాకా అడ్డంగానే పోతుంది. ఇన్నేళ్ళలో ఏ పరీక్షకోసమూ ప్రార్థన చెయ్యలేదు, రక్తంలో ఉన్నది ఉంటుంది, ప్రార్థనకి మారదని నాకు తెలుసు. ఆరోజు మాత్రం కళ్ళు మూసుకుని చేశాను. చాలాసేపు గీత అడ్డంగానే పోయింది. అమ్మయ్య అనుకున్నాను. తరవాత లేచింది.

నా చేతిలో ఏదో పొరపాటు జరిగిందని, మళ్ళీ మొదటినుంచీ చేద్దామని లేచి నిలబడ్డాను. తలుపు దాకా వెళ్ళాను. మూడోగదిలోకి వచ్చేశాను గనక ఆరోజుకి మొదటిగదిలోకి పోవడానికి వీల్లేదు. ఆ తలుపు పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాను. నేను రాసి గోడకి అంటించిన నియమం నాకెదురుగానే ఉంది. మర్నాడు మళ్ళీ చేశాను. గీత మళ్ళీ లేచింది.

పిల్లకి వచ్చిందంటే మా అక్కలోనన్నా ఉండాలి, మా బావగారిలోనన్నా ఉండాలి. అక్కలో ఉంటే నాలోనూ ఉండొచ్చు. ఇంతమంది రక్తం చూసిన నేను నాది మాత్రం ఇప్పటికీ చూసుకోలేదు.

ఫలితం చెప్పడానికి పిల్లని ఇంటికి రమ్మన్నాను. విని, లెక్కల టీచరు గదా, వేళ్ళమీద ఏదో లెక్కేసుకుని, "ఒకవేళ అతనికి కూడా ఉందనుకుందాం పిన్నీ," అంది.

"అనుకుందాం."

"ప్రతి బిడ్డకీ నాలుగో వంతు. మొదటి బిడ్డకి రాలేదు గదా అని రెండో బిడ్డకి తగ్గదు, వచ్చింది గదా అని రెండోసారి తప్పిపోదు."

"తగ్గదు. ప్రతిసారీ కొత్త లెక్కే."

"కడుపులో ఉండగానే తెలుసుకోవచ్చా?"

"మూడో నెలలో తెలుసుకోవచ్చు. కాకినాడలో పెద్ద డాక్టరు బిడ్డ మాయలోంచి చిన్న ముక్క తీసి పంపుతారు. ఇక్కడ చూస్తాం." చెప్పవలసింది కూడా చెప్పాను. "తెలిశాక ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం. అది ఎవరూ చెప్పలేరు. ప్రధానం అయినంతమాత్రాన పెళ్ళి అయినట్టు కాదమ్మా. ఇంకో ఆదివారం మిగిలే ఉంది. వద్దనుకుంటే నీ వెనక నేనుంటాను."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ప్రధానం నాటి సాయంత్రమే ఫోన్ చేసేడు. వాళ్ళమ్మకి కూడా తెలీకుండా. ఎవరో బొమ్మ గీసిచ్చేరంట, ఆ కాగితం ఫోటో తీసి పంపేడు. ఇది చూసి వద్దనిపిస్తే చెప్పు, నేనే వద్దన్నానని తప్పు నామీద వేసుకుంటాను అన్నాడు. అలా ముందే చెప్పేవాడు నాకింకోడు దొరుకుతాడా? దొరికినా వాడి రక్తంలో ఇంకేముంటుందో."

ఆ కాగితంమీద చేతిరాత ఎవరిదో గుర్తుపట్టలేనంత అమాయకురాలు కాదు అది. ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. వెళ్ళేముందు నా భుజంమీద తల పెట్టింది.

"ఎప్పుడైనా ఆ పరీక్ష చెయ్యాల్సొస్తే నువ్వే చెయ్యాలి పిన్నీ. ఇంకోళ్ళ చేతికివ్వకు. అమ్మకి మాత్రం తెలియనివ్వకు, అమ్మ తట్టుకోలేదు. మాటివ్వు."

ఇచ్చాను. ఇదివరకు నా మెడకి ఒక మాట, ఇప్పుడు రెండు.

మూడో ఆదివారం ముసురుపట్టింది. చర్చి వసారా నిండా చెప్పులూ గొడుగులూ. అక్క నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. సొంత పిల్ల అన్న మాటకి ఇంకా సిగ్గుపడుతోందేమో, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల ముందు వరసలో కూర్చుంది. అటు మగవాళ్ళ వైపు అతను తలవంచుకుని ఉన్నాడు. అతని వెనక వాళ్ళమ్మ, ముసుగులోంచి నన్నే చూస్తోంది. పాస్టరుగారు ప్రకటన చదివి, అభ్యంతరమున్నవారు చెప్పవలసిందని అడిగి, కళ్ళజోడు తీశారు. ముందు వరసలోంచి పిల్ల వెనక్కి తిరిగి నాకేసి చూసింది. కదలకు అన్నట్టు చూసింది. నేను కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో రేకుల మీద వానచప్పుడొక్కటే వినపడింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. చుట్టూ ఆడవాళ్ళు మురిపెంగా గుసగుసలాడారు.

అక్క కళ్ళొత్తుకుని నా చెవి దగ్గరికి వంగింది.

"దేవుడి దయవల్ల ఏ అడ్డూ లేకుండా అయిపోయిందే. ఏదో అన్నాను మొన్న, మనసులో పెట్టుకోకు. అదిగో, తొలి కానుపు మన చేతుల మీదే. నెల తప్పగానే నీ దగ్గరికే పంపేస్తాను, పరీక్షలన్నీ నువ్వే చెయ్యి. నువ్వుంటే నాకు ఏ భయమూ ఉండదు."

"అలాగే అక్కా," అన్నాను.